మెడికల్‌కి ముందు నాలుగు రోజులు

"దమ్ము గానీ ఉబ్బసం గానీ ఏమన్నా ఉండాదా అప్పా?" అని కోలారులో కంటి డాక్టరమ్మ మా నాయనను అడిగింది.

"అట్లాంటివి ఏమీ లేవు మేడం," అన్నాడు మా నాయన. ఆమె మాట పూర్తి కాకముందే అన్నాడు.

ఆ పొద్దున బస్టాండు నుంచి ఆసుపత్రికి నడిచిన కాస్త దూరంలో ఆయన మూడుసార్లు ఆగాడు. ఆగిన ప్రతిసారీ రోడ్డు మీద పోతున్న టమాటా లారీలను చూస్తున్నట్టు నిలబడ్డాడు. టమాటాల మీద ఆయనకు అంత ప్రేమ ఎప్పుడూ లేదు. ఊపిరి అందక ఆగాడని నాకు తెలుసు. డాక్టరమ్మ ఆయన్ను వదిలి నా ముఖం చూసింది. నేను లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆమె ఆ మాటే కాగితం మీద రాసుకుని, వేరే ప్రశ్నలోకి వెళ్లిపోయింది.

నేను ఎందుకు తల ఊపానో బయటివాళ్లకి చెప్పడం కష్టం. గనుల్లో పుట్టి పెరిగినవాళ్లకయితే చెప్పనక్కర్లేదు.

మా తాత పలమనేరు పక్క పల్లె నుంచి వచ్చి బంగారు గనిలో చేరాడు. అది తెల్లదొరల కాలం. మా నాయన చేరేనాటికి దొరలు పోయి గనులు సర్కారువి అయ్యాయి. దొరలతోపాటు వాళ్ల క్లబ్బులూ డాన్సులూ పోయాయి గానీ మెడికల్ మాత్రం పోలేదు. భూమి కింద పని చేసేవాళ్లను కొన్నాళ్లకొకసారి కంపెనీ ఆసుపత్రికి పిలిచి ఛాతీ, బీపీ, కళ్లు, చెవులు అన్నీ చూసేవాళ్లు. దానికి మా లైన్లలో, అంటే గని కూలీల ఇళ్ల వరసల్లో, మెడికల్ అని పేరు. మా నాయన రాతికి మెషీన్ పెట్టి రంధ్రాలు వేసే పని చేసేవాడు. ఆ పని చేసేవాళ్ల ఛాతీలో రాతి దుమ్ము పేరుకుంటుంది. అది ముదిరిందని డాక్టరు రాస్తే కింద పని నుంచి తీసి పైకి పంపేస్తారని, పైకి వచ్చినవాడు సగం మనిషేనని మా లైన్లలో అందరూ అనుకునేవాళ్లు. అందులో నిజమెంతో నేను చెప్పలేను. ఆ డాక్టర్లు మంచికే అడిగి ఉంటారు. కానీ భయం పుట్టాక మంచీ చెడ్డా ఎవరు చూస్తారు.

అందుకని మెడికల్‌కి నాలుగు రోజుల ముందు నుంచి మా ఇంట్లో పెళ్లివారి హడావుడి. బీడీలు బంద్. మా అమ్మ మిరియాలు, శొంఠి, తమలపాకు వేసి కషాయం కాచేది. బీపీ పెరుగుతుందని కూరలో ఉప్పు తగ్గించేది. మా నాయన పొద్దున్నే పెరట్లో నిలబడి ఊపిరి బిగబట్టడం అలవాటు చేసుకునేవాడు. మేము పిల్లలం చుట్టూ చేరి అంకెలు లెక్కపెట్టేవాళ్లం. ఇరవై దాటితే చప్పట్లు. ఎక్స్‌రేని ఏమీ చేయలేం గానీ, అడిగినదానికి జవాబు మన నోట్లోనే ఉంటుంది కదా. దగ్గు వస్తుందా అంటే రాదు. మెట్లెక్కితే ఆయాసమా అంటే లేదు. మా అమ్మ మాకు కూడా తర్ఫీదు ఇచ్చింది. "మీ నాయన దగ్గతాడా అని యెవురన్నా అడిగితే లేదని చెప్పాల," అనేది. నేను మరీ శ్రద్ధగల పిల్లని కాబట్టి, ఎవరూ అడగకుండానే మా టీచరమ్మకి చెప్పేశాను, మా నాయన దగ్గడు అని.

మెడికల్ పాసయి ఇంటికి రాగానే ఆయన వాకిట్లో కూర్చుని బీడీ ముట్టించేవాడు. రెండు దమ్ములు లాగేసరికి దగ్గు తెర అందుకునేది. మేమందరం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, అందులో నవ్వడానికి ఏముందని. అప్పుడు నిజంగానే నవ్వొచ్చేది.

గనులు మూతపడటానికి కొన్నేళ్ల ముందే మా నాయన రిటైరయ్యాడు. ఆ తర్వాత మా అమ్మ పోయింది. నేనూ మా ఆయనా ఆ లైన్ ఇంట్లోనే ఆయనతో ఉండేవాళ్లం. మా ఆయన రోజూ తెల్లారేసరికి బెంగళూరు రైలు ఎక్కి, చీకటిపడ్డాక దిగేవాడు. కాబట్టి ఈ విషయంలో మంచికీ చెడుకీ ఆయన బాధ్యత లేదు. నేను బంగారుపేటలో ఒక స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. చిన్న పిల్లలకి గుణకారాలు, పెద్ద పిల్లలకి గ్రాఫులు. అంకె అబద్ధం చెప్పదు అని క్లాసులో వందసార్లు అని ఉంటాను.

కంటి జబ్బు బయటపడింది బంగారుపేట స్టేషన్‌లో. నాయనను ఏదో పెళ్లికి తీసుకుపోతున్నాను. ప్లాట్‌ఫారం మీద ఎడమ పక్కన కూర్చుని పూలమ్ముతున్న ఆమె బుట్టను ఆయన కాలితో తన్నేశాడు. మల్లెమొగ్గలన్నీ నేలపాలు.

"యాడ చూసి నడస్తాండావు పెద్దాయనా, కండ్లు నెత్తిన పెట్టుకోనుండావా?" అందామె.

ఆయన వంగి, పూలు ఏరడానికి నేల తడిమాడు. పూలు పడిన చోట కాదు, వాటికి జానెడు ఇవతల, ఉత్త సిమెంటు మీద తడిమాడు. పూలామె తిట్టడం ఆపేసింది.

ఆ తర్వాతే కోలారు వెళ్లాం. డాక్టరమ్మది ముళబాగిలు వైపు. మాతో మా తెలుగే మాట్లాడేది. ఆయన రెండు కళ్లూ చూసి, గ్లకోమా అంది. మన పెద్దవాళ్లు నీటికాసులు అనేది ఇదే. ఎడమ కన్ను దాదాపు పోయింది. కుడి కంటిలో అంచులు పోయి మధ్యన మాత్రం చూపు మిగిలింది. ఆ మిగిలినదాంతోనే ఆయన పేపరు చదువుతున్నాడు, నా ముఖం చూస్తున్నాడు, రోడ్డు దాటుతున్నాడు. దాన్ని కాపాడుకోవాలి, మనకి ఉన్న పని అదొక్కటే అంది.

"కంటిలోపల నీళ్లు ఊరతా ఉంటాయప్పా. ఊరినవి ఊరినట్ల బయటికి పోవాల. పోయే దారి మూసుకుంటే లోపల ప్రెషర్ ఎక్కతాది. ఆ ప్రెషర్ కంటి వెనక ఉండే నరాన్ని నొక్కతాది. నరానికి రక్తం తెచ్చే సన్న సన్న నాళాలు నలిగిపోతాయి. రక్తం అందని నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతాది. నొప్పి ఏమీ ఉండదు, అదే దీంతో కష్టం."

"గనిలో పంపు నిలిస్తే అడుగున నీళ్లు ఎక్కినట్ల," అన్నాడు మా నాయన.

"అంతే అనుకో. ఈ చుక్కలే నీ పంపు. ఒక్క పూట కూడా నిలపకూడదు."

పోయిన చూపు తిరిగి వస్తుందా అని నేను అడిగాను. రాదంది. కుడి కంటి ప్రెషర్ ఆ రోజు ఇరవై ఎనిమిది. దాన్ని పదహారుకి దించాలి. పొద్దున ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క. వేసుకున్నాక మందు గొంతులోకి దిగకుండా, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. ఆ మందు రాసే ముందే దమ్ము ఉందా అని అడిగింది. ఎందుకు అడిగిందో మాకు పట్టలేదు. ఏ డాక్టరు అడిగినా మా ఇంట్లో దానికి ఒకటే జవాబు.

నేను ఒక గ్రాఫు కాగితం తీసి ప్రెషర్ అంకెలు వేయడం మొదలుపెట్టాను. మొదట ఇరవై ఎనిమిది. మూడు నెలలకి పదహారు. మళ్లీ మూడు నెలలకి పదిహేను. గీత కిందికి దిగి తిన్నగా సాగింది. నాకు పరీక్షలో నూటికి నూరు వచ్చినంత సంబరం. డాక్టరమ్మ ఆ కాగితం చూసి, "ఇట్లా చూసుకునే కూతురు అందరికీ దొరకదప్పా," అంది. నేను మొహమాటపడుతున్నట్టు నవ్వానుగానీ, ఆ మాట నాకు ఎంత తీపిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

ప్రెషర్‌తోపాటు ఇంకో పరీక్ష ఉండేది. ఒక తెల్ల గిన్నెలాంటి దాంట్లోకి చూస్తూ, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. చూపు లేని చోటు కాగితం మీద నల్లగా వస్తుంది. ఆ కాగితం మా గ్రాఫుతో ఏకీభవించలేదు. ప్రెషర్ దిగినా నలుపు పెరుగుతోంది. అంచుల నుంచి మధ్యకి పాకుతోంది.

మూడోసారి డాక్టరమ్మ ఆ కాగితాలన్నీ బల్ల మీద పరుచుకుని, ఒక్కొక్కదాన్నీ నా గ్రాఫు పక్కన పెట్టి చూసింది.

"అంకె బాగుండాది. ఐనా నరం చస్తా ఉండాది," అంది చివరికి. "కొందురికి ఇట్లా ఉంటాది. ప్రెషర్ ఎక్కువ లేకపోయినా నరానికి రక్తం చాలదు. బీపీ మాత్ర ఏ పూట వేసుకుంటావప్పా?"

పడుకునే ముందు వేసుకుంటానన్నాడు నాయన. నిద్రలో బీపీ మామూలుగానే పడిపోతుందట. దానిమీద మాత్ర కూడా పనిచేస్తే రక్తం తోపుడు మరీ తగ్గి, కంటి చివరిదాకా అందదట. చేతులు చల్లబడతాయా, తలనొప్పి వస్తుందా, గురక పెడతాడా అని ఒక్కొక్కటీ అడిగింది. మాకు కొత్త పనులు మొదలయ్యాయి. ఒక పగలూ రాత్రీ చేతికి బీపీ మెషీన్ కట్టుకుని తిరగాలి. అరగంటకోసారి అది తనంతట తాను బిగుసుకుని వదిలేది. "ఇదేందమ్మా, పాత మేస్త్రీ మాదిరి మాటిమాటికీ చెయ్యి పట్టుకుంటాది," అని నాయన నవ్వాడు. తలలో గడ్డ ఏదైనా నరాన్ని నొక్కుతోందేమో చూడాలని బెంగళూరులో స్కాన్ తీయించాం. గడ్డ లేదు. మా లైన్లకి దగ్గర్లో, రాబర్ట్‌సన్‌పేటలో మామూలు డాక్టరు బీపీ మాత్రను పొద్దుటికి మార్చి, మోతాదు సగం చేశాడు. పది రోజులు నాయన తల బరువుగా ఉందని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మళ్లీ మోతాదు పెంచారు. ఇన్ని చేసినా నలుపు ఆగలేదు.

ఇన్నిటికీ ఆయన నోరు మెదపకుండా తిరిగాడు. స్కాన్ గొట్టంలో పడుకున్నాడు, మెషీన్ కట్టుకున్నాడు, చల్లటి చేతులు చాపి చూపించాడు. ఒక్క మాట చెప్పి ఉంటే ఇవేవీ అక్కర్లేదు. ఆ ఒక్క మాట ఆయన చెప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున ఏదో కార్డు కోసం ఆయన ట్రంకు పెట్టె తెరిచాను. అడుగున ఆయన గనిలోకి అన్నం తీసుకుపోయిన పాత అల్యూమినియం క్యారియరు ఉంది. ఎత్తితే గలగలమంది. మూత తీస్తే కంటి చుక్కల సీసాలు. నేను నెలకొకటి కొని తెచ్చి ఇచ్చినవే. ఒక్కదానికీ సీలు తీయలేదు.

కిటికీ దగ్గర ఎప్పుడూ ఒక సీసా ఉండేది. దాన్ని చూసి మందు నడుస్తోందని అనుకునేదాన్ని. నేను ఏడింటికే బండి ఎక్కాలి, సాయంత్రం వచ్చేసరికి ఆయన టీ కొట్టు దగ్గర ఉంటాడు. ఆయన చుక్క వేసుకుంటుండగా నేను ఎన్నిసార్లు చూశానని ఆ రోజు ఆలోచించాను. డాక్టరు దగ్గరికి వెళ్లే వారంలోనే చూశాను.

క్యారియరు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని తడిమి, ఏమిటో తెలుసుకుని, తల పక్కకి తిప్పుకున్నాడు.

"అది వేసుకుంటే ఎద బిగదీసుకుంటాదమ్మా," అన్నాడు. "మొదటి వారమే చూసినాను. కుళాయి కాడికి పోయి వచ్చేలోపల నాలుగుసార్లు కూచోవాల్సి వచ్చె. మానేస్తే సరిపోయె."

"మరి ప్రెషర్ పదహారు ఎట్లా వచ్చింది?"

"మెడికల్‌కి నాలుగు దినాలు ముందు వేసుకుంటా ఉంటిని. రెండు పూట్లా, తప్పకుండా. ఆ నాలుగు దినాలూ యాడికీ పోకుండా కూచుంటే ఊపిరి ఓర్చుకోవచ్చు."

మెడికల్ అన్నాడు. కోలారు ప్రయాణాన్ని ఆయన మనసులో ఆ పేరుతోనే పిలుచుకున్నాడు. తన కన్ను తనకోసం కాదు, ఎవరో పాస్ చేయడం కోసం చూపిస్తున్నట్టు.

"చూపు నీది నాయనా. అంకె బాగా వస్తే ఎవురికి లాభం?" అన్నాను. గొంతు పెద్దదయింది. "ఆయమ్మ రక్తం అందలేదని తలకాయంతా స్కాన్ తీయించె. నువ్వు పడుకోని తీయించుకుంటివి. చెప్పేదానికి నోరు రాలేదా?"

"ఏమని చెప్పేది? మొదటి దినమే దమ్ము లేదని చెప్పినాను. ఇంగ ఇప్పుడు ఉండాదంటే, ఈ ముసిలోడు అప్పుడు అబద్ధమాడినాడు అంటారు." తడిమి క్యారియరు మూత పెట్టాడు. "నువ్వూ పక్కనే ఉంటివి గదమ్మా."

నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అన్నాడు.

రేపే వెళ్లి డాక్టరమ్మకి చెబుదామన్నాను. వద్దన్నాడు. ఆయన నన్ను బతిమాలడం నేను ఎప్పుడూ చూడలేదు, ఆ రోజు చూశాను. ఇకనుంచి రోజూ వేసుకుంటాను, నువ్వే నీ చేత్తో వెయ్యి, ఆయమ్మ ముందర మాత్రం నా పరువు తీయొద్దు అన్నాడు. సరే అన్నాను. మందు వేసుకుంటే చాలు కదా, పాత సంగతులు తవ్వడం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాటి నుంచి రెండు పూటలా నేనే వేశాను. ముక్కు పక్కన నా వేలితోనే నొక్కి పట్టుకున్నాను. మొదటి రోజు బాగానే ఉన్నాడు. మూడో రోజుకి మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకున్నాడు. అయిదో రోజు పొద్దున నేను చీర కట్టుకుని బయటికి వచ్చేసరికి, పెరట్లో బట్టలుతికే బండ మీద రెండు చేతులూ ఆనించి వంగి ఉన్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఊపిరి లోపలికి పోయేటప్పుడు సన్నగా ఈల వినిపిస్తోంది. నన్ను చూసి, ఏమీ లేదన్నట్టు చెయ్యి ఆడించాడు. పెదవులు నల్లబడి ఉన్నాయి. ఆ రోజు స్కూలు మానేసి పక్కనే కూర్చున్నాను. మధ్యాహ్నానికి కుదుటపడ్డాడు.

నేను భయస్తురాలిని. చుక్కలు వేస్తే ఊపిరి పోతుంది, వేయకపోతే చూపు పోతుంది. ఈ రెంటి మధ్యన మూడో దారి ఉంటుందని, అది డాక్టరమ్మ చేతిలో ఉంటుందని నాకు తట్టలేదు. తట్టి ఉంటే మాత్రం వెళ్లేదాన్నా అంటే, నిజాయితీగా చెప్పలేను. ఆమె నన్ను మెచ్చుకుంది. నా గ్రాఫు కాగితాన్ని పక్క గది డాక్టరుకి కూడా చూపించింది. ఆ కాగితం అంతా దొంగలెక్క అని ఆమె ముందు నిలబడి చెప్పాలి. మొదటి రోజు తల ఊపింది నేనే అని కూడా చెప్పాలి. పిల్లలు హోంవర్కు పక్కవాడిది చూసి రాస్తే గోడకుర్చీ వేయించే లెక్కల టీచర్ని నేను.

"నాలుగు దినాల ముందే వేద్దాంలే నాయనా," అన్నాను. ఆ మాట ఆయన అనలేదు. నా నోటితో నేనే అన్నాను.

అలాగే చేశాం. నాలుగు రోజులు ఆయన్ను మంచం దిగనీయలేదు. పక్కన కూర్చుని వీపు రాశాను. అయిదో రోజు బస్టాండు నుంచి ఆటోలో తీసుకుపోయాను. ప్రెషర్ పదిహేను వచ్చింది. డాక్టరమ్మ నల్ల కాగితం చూసి నిట్టూర్చి, గుండె డాక్టరు ఒకాయన్ని చూడమని చీటీ రాసింది. గుండె నుంచి తలకి పోయే రక్తనాళాల్లో ఏమైనా అడ్డం ఉందేమో చూడాలంది. లేని జబ్బు కోసం ఆమె అంత కష్టపడి వెతుకుతుంటే నేను ఎదురుగా కూర్చుని తలాడించాను. బయటికి వచ్చాక నాయన నా భుజం తట్టాడు. పాసైన రోజున ఇంట్లో ఉండే కళ ఆయన ముఖంలో ఉంది. నాకు ఏడుపొచ్చింది, రోడ్డు మీద కాబట్టి ఆపుకున్నాను.

తర్వాతి చెకప్‌కి మూడు నెలల గడువు. ఆ మూడు నెలల్లో నేను రోజూ అనుకున్నాను, ఈ వారం వెళ్లి చెప్పేద్దామని. ఒక వారం పరీక్ష పేపర్లు దిద్దాలి. ఒక వారం పిల్లలకి టూర్. వంకలకి ఏం కరువు.

రెండు నెలలు దాటాక ఒక శనివారం, నాకు సెలవు. నాయన వాకిట్లో కుర్చీ వేసుకుని ఎండలో పేపరు పట్టుకున్నాడు. చాలాసేపు పేజీ తిప్పలేదు. పేపరును దగ్గరికి తెచ్చాడు, దూరం పెట్టాడు, పక్కకి జరిపాడు.

"ఈ పొద్దు అచ్చు సరిగా పడలేదమ్మా," అన్నాడు. "మధ్యలో అంతా అలికినట్ల ఉండాది."

నేను వెళ్లి చూశాను. అచ్చు నల్లగా, స్పష్టంగా ఉంది. ఆయన ముందు చేయి పెట్టి, ఎన్ని వేళ్లు అని అడిగాను. ఆయన నా చేతి వైపు కాకుండా నా మోచేతి వైపు చూసి, "మూడా?" అన్నాడు. నేను ఎత్తింది ఒక్క వేలే.

ఆ గంటలోనే కోలారు బస్సెక్కాం. చుక్కలు వేయలేదు, నాలుగు రోజులు ఆగలేదు. బస్సులో ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఈసారి అంకె ఎట్లొస్తాదో," అన్నాడు. అంకె సంగతే ఇంకా ఆయన మనసులో ఉంది. నాకు కోపం వచ్చింది, జాలి వచ్చింది, ఏది ముందు వచ్చిందో తెలియదు.

డాక్టరమ్మ ప్రెషర్ చూసి, నమ్మలేక మళ్లీ చూసింది. మెషీన్ చెడిందేమోనని పక్క గదిలో ఇంకోదాంట్లో చూసింది. ముప్పై నాలుగు. నా గ్రాఫు కాగితంలో అంత పైకి చోటే లేదు.

"ఇన్ని దినాలు పదహైదు, పదహారు ఉండింది. ఈ రెండు నెలల్లో ఏమైందప్పా?"

నాయన నేల చూశాడు. నేను చెప్పాను. ఆయాసం సంగతి, క్యారియరులో సీసాలు, నాలుగు రోజుల సంగతి, అంతా చెప్పాను. ఒకసారి మొదలుపెట్టాక మాటలు వాటంతట అవే వచ్చాయి. నేను మొదటి రోజు తల ఊపానని కూడా చెప్పాను. ఒక్కటి మాత్రం చెప్పలేదు. క్యారియరు నాకు ఎప్పుడు దొరికిందో చెప్పలేదు.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పెన్ను మూత పెట్టి, మళ్లీ తీసి, చాలా మెల్లగా మాట్లాడింది.

"దమ్ము ఉండేవాళ్లకి ఆ చుక్కలు నేను రాయనే రాయనమ్మా. ఊపిరి బిగించే గుణం ఉండాది దానికి. అందుకే మొదటి దినమే అడిగింది. ఊపిరితో పనిలేని చుక్కలు వేరే ఉండాయి. దినానికి ఒక్కటే చుక్క. అది రాసింటే ఈయన హాయిగా వేసుకోనుండు."

అంటే మూడో దారి మొదటి రోజు నుంచీ ఆ గదిలోనే ఉంది. మందుల అలమర మా కుర్చీకి నాలుగడుగుల దూరంలో ఉంది.

ఆమె నాయన కంటిలోకి మళ్లీ లైటు వేసి చూసింది. మధ్యన ఉన్న చూపు పోయిందని, వెలుగూ చేతి కదలికా మాత్రం తెలుస్తాయని అంది. అవైనా నిలవాలంటే వెంటనే ప్రెషర్ దించాలని, బెంగళూరులో ఆపరేషన్ సంగతి కూడా కనుక్కుంటానని చెప్పి కొత్త చుక్కలు రాసింది.

"దీంతో ఊపిరికి ఇబ్బంది లేదా మేడం?" అన్నాడు నాయన.

"లేదప్పా."

"పోయిందేమన్నా వస్తాదా?"

"రాదప్పా," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఆయన చుక్కలు వేసుకోలేదని నీకు ఎప్పటినుంచి తెలుసమ్మా? పోయినసారి ఇక్కడికి వచ్చినప్పుడు తెలుసునా?"

రెండు నెలల కిందే తనకి చెప్పి ఉంటే మధ్యన మిగిలిన ఆ చూపు నిలిచేదని ఆమె అనలేదు. అనవలసిన అవసరం లేదు, గదిలో ముగ్గురికీ అర్థమయింది. నేను నోరు తెరిచాను.

"ఆ బిడ్డకి ఏమీ తెలీదు మేడం," అన్నాడు మా నాయన, నాకంటే ముందు. అదే తొందర, ఎదుటివాళ్ల మాట ఇంకా గాలిలో ఉండగానే వచ్చే జవాబు. "ఈ పొద్దు నేను పేపరు చదవలేకపోతే అప్పుడు పెట్టె తీసి చూసింది. అంతవరకూ నేనే దాచిపెట్టినాను. తెలిసింటే నన్ను వదిలిపెట్టునా? టీచరు గదా, గోడకుర్చీ వేయించును."

డాక్టరమ్మ కొంచెం నవ్వింది. ఆయన నవ్వుతూ నా వైపు తిరిగాడు. నేను కూర్చున్న కుర్చీ ఆయనకి గుర్తుంది కాబట్టి ముఖం సరిగ్గా నా వైపే తిప్పాడు. నా ముఖం ఎలా ఉందో ఆయనకి కనిపించడం లేదు. ఇక కనిపించదు కూడా.

నేను నిజం చెప్పలేదు. చీటీ తీసుకుని, ఆయన చెయ్యి పట్టుకుని లేపాను.